లక్క కడ్డీ సంజాయిషీ

ఫోను పొద్దున ఆరుంబావుకు మోగేది. ఎత్తితే రికార్డు చేసిన ఒక ఆడగొంతు నా పేరును మూడు ముక్కలుగా విరిచి పలికి, "ఈ రోజుకు ఒక ఖాళీ ఉంది. ఏడో తరగతి, లెక్కలు, సైన్సు. ఒప్పుకుంటే ఒకటి నొక్కండి, వద్దనుకుంటే రెండు నొక్కండి" అనేది. నేను ఒకటి నొక్కేదాన్ని. నిన్నా అదే తరగతి, మొన్నా అదే. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అదే గదికి, అదే ముప్పై ముగ్గురు పిల్లలకు, ఏ రోజుకారోజు నన్ను కొత్తగా పిలిచారు. ఒక రోజు స్నానంలో ఉండి ఫోను ఎత్తలేకపోయాను. ఆ రోజు వాళ్లకు ఇంకెవరూ దొరకలేదు. ప్రిన్సిపాలే వెళ్లి తిమింగలాల సినిమా ఒకటి రెండుసార్లు వేసి చూపించి సాయంత్రం చేసిందట.

ఇదంతా నాకు ఇక్కడి టీచరు సర్టిఫికెట్ లేనందువల్ల. హాలిఫాక్స్‌కు రాకముందు నేను గోదావరి జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పదహారేళ్లు ఫిజికల్ సైన్సు చెప్పాను. మా ఆయన సాఫ్ట్‌వేరు. ఆయన ముందు అమెరికా వెళ్లాడు, నేనూ పాపా తర్వాత వెళ్లాం. అక్కడి వీసా గొడవలతో విసిగిపోయి, కెనడా పీఆర్ రాగానే ఇటు వచ్చేశాం. ఆయనకు ఇక్కడ ఉద్యోగం సిద్ధంగా ఉంది, పాపకు బడి సిద్ధంగా ఉంది, నాకు కిటికీలోంచి కనిపించే పొగమంచు సిద్ధంగా ఉంది. రెండు నెలలు దాన్ని చూసి, ఇంటి దగ్గర బడిలో లంచ్ మానిటర్‌గా చేరాను. పిల్లలు అన్నాలు తినేటప్పుడు ఒకరి మీద ఒకరు పాలు పోసుకోకుండా చూడడం ఆ పని.

ఆ ఏళ్లలో ఊరు ఒక్కసారిగా నిండిపోయింది. యూనివర్సిటీలకు వచ్చిన మన పిల్లలు బస్సుల్లో, రేవు దాటించే ఫెర్రీలో, కూరగాయల కొట్టులో ఎక్కడ చూసినా వాళ్లే. ఆదివారం మా తెలుగు చర్చి ఆరాధనకు మడత కుర్చీలు చాలక వెనక వరస వాళ్లు నిలబడే పాటలు పాడేవారు. చదువుకోవడానికి వచ్చినవాళ్లూ ఉద్యోగాలకు వచ్చినవాళ్లూ కుటుంబాలతో దిగేసరికి చిన్న బడులూ పొంగిపోయాయి. మా బడిలో బాస్కెట్‌బాల్ కోర్టు మీద క్రేనుతో పెట్టెల్లాంటి గదులు దించారు. వాటిని పోర్టబుల్స్ అంటారు. సముద్రపు గాలి గట్టిగా వీస్తే వాటి గోడల మీద తగిలించిన మ్యాపులు ఊగేవి.

గదులైతే క్రేనుతో దించారు గాని, టీచర్లను దించే క్రేను లేదు. ఏడో తరగతి టీచరు కాన్పు సెలవు మీద వెళ్లింది. ప్రిన్సిపాల్ ఒక మధ్యాహ్నం లంచ్ గదిలోకి వచ్చింది. పొడుగాటి మనిషి. వాన ఉన్నా లేకపోయినా రబ్బరు బూట్లే వేసుకుంటుంది. ఆమెతోనూ, ఈ కథలో వచ్చే మిగతా ఇక్కడి వాళ్లతోనూ నేను మాట్లాడింది ఇంగ్లీషే. నాకు గుర్తున్నట్టు తెలుగులో రాస్తున్నాను.

"నువ్వు మీ దేశంలో టీచరువా?" అని అడిగింది.

"అవును. పదహారేళ్లు."

"సైన్సా?"

"సైన్సే. లెక్కలు కూడా చెప్పగలను."

ఆమె నా చేతిలో ఉన్న తడి గుడ్డ తీసుకుని బల్ల మీద పెట్టింది. "అయితే ఇది వదిలెయ్" అంది.

వారంలో నాకు ఒక పర్మిట్ వచ్చింది. సర్టిఫికెట్ ఉన్నవాళ్లు దొరకని రోజున మాత్రమే, ఆ ఒక్క రోజుకు మాత్రమే, పిలవొచ్చని దాని అర్థం. అందుకే ఆ ఆరుంబావు ఫోను. నేను పాఠాలు చెప్పొచ్చు, పరీక్షలు పెట్టొచ్చు, దిద్దొచ్చు. రిపోర్టు కార్డుల మీద మాత్రం సంతకం పెట్టకూడదు. రోజుకో కొత్త మనిషిని కాబట్టి ఆ పిల్లల గురించి నాకేమీ తెలిసే అవకాశం లేదని రూలు ఉద్దేశం. ముప్పై ముగ్గురి గురించీ నేను రాసినదాని కింద వైస్ ప్రిన్సిపాల్ సంతకం పెట్టింది. పెడుతూ, "వీళ్లలో నాకు తెలిసినవాడు ఈ ఒక్కడే, అదీ రోజూ ఆఫీసుకు పంపిస్తారు కాబట్టి" అంది.

సర్టిఫికెట్‌కు అప్లై చెయ్యమని ప్రిన్సిపాల్ పోరు పెట్టింది. ఒక రోజు నన్ను కూర్చోబెట్టి పేపరు నాప్కిన్ మీద మెట్లు గీసి చూపించింది. అన్నిటికన్నా కింద మొదటి స్థాయి సర్టిఫికెట్. అది వస్తే నేను ఇక్కడ టీచర్ని. దాని మీద అడ్వాన్స్‌డ్ ఒకటి, రెండు, మూడు. ఒక్కో మెట్టుకు మళ్లీ యూనివర్సిటీ కోర్సులు, మళ్లీ కాగితాలు.

"మరి నేనిప్పుడు ఎక్కడున్నాను?" అన్నాను.

ఆమె కాస్త ఆలోచించి, నాప్కిన్ అయిపోయి బల్ల మొదలైన చోట పెన్నుతో ఒక చుక్క పెట్టింది.

అప్లై చేశాను. డిగ్రీ మార్కులు, బీఈడీ మార్కులు యూనివర్సిటీ వాళ్లే సీలు వేసిన కవర్లో నేరుగా పంపాలన్నారు. అవి రెండు నెలలకు చేరాయి. సర్టిఫికేషన్ ఆఫీసులో నా ఫైలు చూసే ఆవిడ మెత్తటి గొంతు మనిషి. ప్రతి మెయిలు చివరా, మీరు ఓపిక పడుతున్నందుకు కృతజ్ఞతలు అని రాసేది. అప్పటికి నేను ఓపిక పట్టడం మొదలు కూడా పెట్టలేదు. అన్నీ సరిపోయాయి, ఇంకొక్క లేఖ మిగిలింది అంది. ఇంతకు ముందు నాకు టీచరుగా లైసెన్సు ఇచ్చిన సంస్థ, ఈమె లైసెన్సు సక్రమంగా ఉంది, ఎన్నడూ రద్దు కాలేదు అని రాసి పంపాలి.

మాకు అలాంటి సంస్థ లేదు. డీఎస్సీ రాసి ర్యాంకు తెచ్చుకున్నాను, పోస్టింగు ఇచ్చారు, వెళ్లి చేరాను. అదే చెప్పాను. అయితే మీకు ఉద్యోగం ఇచ్చిన శాఖ రాసినా చాలు అంది. నేను మా పాత హెడ్మాస్టరు గారికి ఫోను చేశాను. ఆయన రిటైరై ఆరేళ్లయింది. మా జిల్లాలో ఆఫీసు పనులకు ఆయన్ని మించిన మనిషి లేడు. ఎవరితోనూ గొడవ పెట్టుకోడు, బతిమాలడు. వెళ్లి బెంచీ మీద కూర్చుంటాడు. పనయ్యేదాకా అలాగే కూర్చుంటాడు.

"ఏమ్మా, బాగున్నారా అందరూ? పాప ఎన్నో క్లాసు? అక్కడ చలి ఎలా ఉందేంటి?"

"బాగున్నామండి మాస్టారూ. పాప నైన్త్. మీతో ఒక పని పడిందండి."

చెప్పాను. ఆయన ప్రతి మాటా రాసుకున్నాడు. నాకు పెన్ను చప్పుడు వినిపించింది. మూడో రోజు పొద్దున, అంటే అక్కడ సాయంత్రం ఆఫీసు మూసే వేళకు, ఆయనే ఫోను చేశాడు.

"వెళ్లానమ్మా డీఈఓ ఆఫీసుకి. సూపరింటెండెంటు గారు కొత్తాయన, మంచివాడే. చదువుకున్నాడు కాగితం మొత్తం. చదివి ఏమన్నాడంటే, 'మాస్టారూ, మేం అపాయింట్‌మెంటు ఇస్తాం, బదిలీ ఇస్తాం, మెమో ఇస్తాం. లైసెన్సు ఇవ్వం. లైసెన్సు కావాలంటే ఆర్టీఓ ఆఫీసు, వెనక వీధి' అన్నాడు."

"అయ్యో. మరేం చేశారండి?"

"ఏం చేస్తాను, బెంచీ మీద కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా చూసి ఆయనే పిలిచాడు. 'ఇవ్వని లైసెన్సు రద్దు చెయ్యలేదని రాస్తే, అసలు ఇచ్చామని ఒప్పుకున్నట్టు అవుతుంది కదండీ, రేపు ఆడిట్లో ఎవరు చెప్తారు సమాధానం' అన్నాడు. నిజమే కదమ్మా."

"నిజమేనండి. కానీ లైసెన్సు మాట వద్దన్నారు మాస్టారూ. మనిషి మీద ఏ చర్యా లేదని రాస్తే చాలన్నారు."

"అదే చెప్పాను. దానికి ఒప్పుకున్నాడు. నీ సర్వీసు రిజిస్టరు బయటికి తీయించాడు. రాయిస్తున్నాం. నువ్వు దిగులు పడకు."

లేఖ స్కాన్ కాపీ ముందు నాకు వచ్చింది. మా ఆయన డైనింగ్ టేబుల్ దగ్గర నిలబడి పైకి చదివాడు. సదరు వ్యక్తి నడవడిక సంతృప్తికరము. ఎన్నికల విధులలో ఒక లక్క కడ్డీ తక్కువగా అప్పగించిన విషయమై జారీ అయిన మెమో మినహా, ఆమెపై ఎట్టి చర్యలూ పెండింగులో లేవు.

"లక్క కడ్డీ ఏంటి?" అన్నాడు మా ఆయన.

ఆ సంగతి ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. మా పెళ్లికి ముందు సంవత్సరం, ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఎన్నికల డ్యూటీ వేశారు. మండుటెండల రోజులు. రేకుల షెడ్డులో పోలింగు. సాయంత్రం పెట్టెలకూ కవర్లకూ లక్క కరిగించి సీళ్లు వేశాం. సామాను తిరిగి అప్పగించే చోట లిస్టు ప్రకారం అన్నీ లెక్క చూశారు. సిరా సీసా ఉంది, ఇత్తడి సీలు ఉంది, దారపుండ ఉంది, మిగలవలసిన లక్క కడ్డీ లేదు. అది ఎండకు మెత్తబడి, ఎవరో తొక్కి, సిమెంటు నేలకు అంటుకుపోయింది. అది చెప్తే నవ్వారు. పది రోజులకు మెమో వచ్చింది. మా ఇంట్లో అంతవరకు ఎవరికీ మెమో రాలేదు. రెండు రోజులు అన్నం సహించలేదు. అప్పుడు కూడా ఈ మాస్టారే ధైర్యం చెప్పి దగ్గరుండి సంజాయిషీ రాయించాడు. లక్క స్వభావం గురించి ఒక పేరా, ఆ రోజు ఎండ గురించి ఒక పేరా. పంపాం. మళ్లీ ఎవరూ ఏమీ అనలేదు. అయిపోయిందనుకున్నాను.

మాస్టారికి ఫోను చేసి, జీవితంలో మొదటిసారి ఆయన మీద గొంతు పెంచాను.

"అది ఎందుకు రాయనిచ్చారండి? పద్దెనిమిదేళ్ల కిందటిది!"

"రిజిస్టరులో ఉందమ్మా. ఎర్ర సిరాతో ఉంది. మెమో ఉంది, నీ సంజాయిషీ ఉంది. మూసేసినట్టు మాత్రం ఎక్కడా లేదు. ఉన్నది రాయకపోతే, రేపు వాళ్లు రిజిస్టరు తెప్పించుకుంటే నీ పరువేం కాను?"

"వాళ్లు తెప్పించుకోరండీ. వాళ్లకు తెలుగు రాదు."

"అది వాళ్ల సమస్య. నువ్వు నా స్టాఫు. నీ కాగితం నిజం చెప్పాలి."

మా ఆయన అప్పటికే నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయాడు. పాప హెడ్‌ఫోన్స్ తీసి, "అమ్మా, డిడ్ యూ స్టీల్ సమ్‌థింగ్?" అని అడిగింది.

లేఖ, దాని ఇంగ్లీషు అనువాదం సర్టిఫికేషన్ ఆఫీసుకు చేరిన వారానికి అక్కడి నుంచి మెయిలు. చాలా మర్యాదగా, మూడు ప్రశ్నలు. సీలింగ్ వాక్స్ అని రాసిన వస్తువు ఏమిటో వివరించగలరా? ఆ ఘటన జరిగినప్పుడు పిల్లలెవరైనా అక్కడ ఉన్నారా, ఎవరికైనా గాయమైందా? ప్రస్తుతం ఆ విషయం ఏ దశలో ఉంది?

రెండు పేజీల జవాబు రాశాను. పిల్లలెవరూ లేరు, ఓటర్లు మాత్రమే ఉన్నారు, ఎవరికీ ఏమీ కాలేదు అని రాశాను. లక్క ఫోటో జతచేశాను. మూడో ప్రశ్న దగ్గర మాత్రం చెయ్యి ఆగిపోయింది. ఏ దశలో ఉందని రాయను? ఆవిడే ఫోను చేసింది.

"మీరు కంగారు పడవద్దు. నేను వ్యక్తిగతంగా ఇది చాలా చిన్న విషయం అనుకుంటున్నాను. కానీ ఫైల్లో ముగియని క్రమశిక్షణ చర్య ఉంటే నేను ముందుకు వెళ్లలేను. ముగిసిందని ఒక లేఖ ఉంటే చాలు."

"దాన్ని ముగించాలనే సంగతి కూడా అక్కడ ఎవరికీ గుర్తులేదండి."

"నాకు అర్థమైంది. మీరు ఓపిక పడుతున్నందుకు కృతజ్ఞతలు."

మాస్టారు మళ్లీ బయల్దేరాడు. డీఈఓ ఆఫీసు వాళ్లు, మెమో ఎన్నికల విభాగం రాయమంటేనే మేం రాశాం, మూసెయ్యమని వాళ్లు రాస్తే మేం మూసేస్తాం అన్నారు. ఆయన బస్సెక్కి కలెక్టరేటుకు వెళ్లాడు. అక్కడి గుమస్తా ఆ ఏటి ఎన్నికల కాగితాలు అడగ్గానే నవ్వేసి, కాలం తీరిన రికార్డులన్నీ పద్ధతి ప్రకారం ఎప్పుడో తగలబెట్టేశామని చెప్పాడు. మాస్టారు ఆ మాట కూడా కాగితం మీద రాయించుకున్నాడు. కాగితం లేకుండా ఆయన ఎక్కడి నుంచీ లేవడు. సంబంధిత రికార్డులు ధ్వంసము చేయబడినవి అని ఒక లేఖ, కింద గుండ్రటి ముద్ర. దాన్ని ఇంగ్లీషులోకి అనువాదం చేయించి, నన్ను అడక్కుండానే నేరుగా ఇక్కడి ఆఫీసుకు మెయిలు చేయించాడు.

మెత్తటి గొంతు ఆవిడ మళ్లీ ఫోను చేసింది.

"రికార్డులు ధ్వంసం చేశారని ఉంది."

"అవునండి."

"ఎవరు?"

"ప్రభుత్వమే. పద్ధతి ప్రకారం."

"మీ మీద ఉన్న రికార్డులను?"

"నా మీదే కాదండి. జిల్లాలో ఉన్న అందరి మీదా."

ఏడుపు వస్తోందా, నవ్వు వస్తోందా నాకే తెలియలేదు. అప్పుడు నేను పోర్టబుల్ మెట్ల మీద నిలబడి ఉన్నాను. లోపల ముప్పై ముగ్గురు పిల్లలు ద్రవీభవన స్థానాల గ్రాఫు గీస్తున్నారు. ఏ పదార్థం ఎంత వేడికి కరుగుతుందో నేనే బోర్డు మీద రాసి వచ్చాను.

ఇక వదిలేద్దామనుకున్నాను. రోజుకో కొత్త మనిషిగా ఉండడానికి అలవాటు పడ్డాను కూడా. మాస్టారికి అదే చెప్పాను.

"వదిలెయ్యడమేంటి?" అన్నాడాయన. "ఒక్క రోజు ఆగు. నాకో ఆలోచన వచ్చింది."

మర్నాడు ఆయన కోర్టు ఎదురుగా ఉన్న స్టేషనరీ కొట్టుకు వెళ్లి ఒక లక్క కడ్డీ కొన్నాడు. దానికి ఒక అర్జీ జతచేశాడు. ఫలానా సంవత్సరం ఫలానా టీచరు తక్కువగా అప్పగించిన లక్క కడ్డీని ఆమె తరఫున ఇప్పుడు అప్పగిస్తున్నాను, స్వీకరించి విషయం ముగించవలసిందిగా ప్రార్థన. డీఈఓ ఆఫీసులో టపా తీసుకునే అమ్మాయి, కాగితాలైతే తీసుకుంటాం గాని వస్తువులు తీసుకోమంది. ఆయన బెంచీ మీద కూర్చున్నాడు. నాలుగు గంటలకు సూపరింటెండెంటు గారు గదిలోంచి వచ్చి, ఆ కడ్డీని చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడట.

"మాస్టారూ, ఇది అప్పటి రకమేనా?"

"అప్పటికన్నా మేలు రకం. ఇప్పుడంతా సన్నగా వస్తున్నాయి. వెతికి లావుది తెచ్చాను."

ఆయన లోపలికి పిలిచి, రిజిస్టరులో ఎర్ర సిరా కింద ఆకుపచ్చ సిరాతో రాశాడు. ఒక లక్క కడ్డీ స్వీకరించడమైనది. ఇంతటితో ఈ విషయము ముగించడమైనది. దాని నకలుతో కొత్త లేఖ తయారు చేయించాడు. లేఖ సీలు వేసిన కవర్లో పంపాలని ఇక్కడి ఆఫీసు నియమం. కవరు మీద సీలు వెయ్యడానికి ఆఫీసులో లక్క లేదు. ఎప్పుడో అయిపోయింది, ఇండెంటు పెట్టినా రాలేదు. సూపరింటెండెంటు గారు మాస్టారి ముఖం చూశాడు. మాస్టారు సూపరింటెండెంటు గారి ముఖం చూశాడు. అటెండరు అగ్గిపెట్టె తెచ్చాడు.

ఆ కవరు మూడు వారాలకు హాలిఫాక్స్ చేరింది. మెత్తటి గొంతు ఆవిడ ఫోను చేసింది.

"కవరు మీద ఎర్రగా, గట్టిగా ఒక ముద్ర ఉంది. మా ఆఫీసులో అందరూ వచ్చి చూశారు. ఇదేనా అది?"

"అదే రకం అండి."

"ఇది అసలు... తిరిగి ఇచ్చిన కడ్డీయేనా?"

అబద్ధం చెప్పడానికి మాస్టారు ఒప్పుకోడు. "దానితోనే వేశారండి" అన్నాను.

ఆవిడ చాలాసేపు నవ్వింది. ఇన్ని నెలల్లో మొదటిసారి ఆవిడ నవ్వు విన్నాను. తర్వాత గొంతు సవరించుకుని, "నష్టపరిహారం పూర్తయిందని నోట్ చేశాను. కవరు కూడా ఫైల్లో ఉంచుతాను" అంది.

ఫిబ్రవరిలో ఒక బుధవారం సాయంత్రం సర్టిఫికెట్ మెయిల్లో వచ్చింది. మొదటి స్థాయి. మా ఆయన ప్రింటు తీసి ఫ్రిజ్‌కు అంటించాడు. పాప "కంగ్రాట్స్ అమ్మా" అని వచ్చి వాటేసుకుంది. ఆదివారం ప్రార్థనలో కృతజ్ఞత చెప్పమని చర్చి ఆంటీలు అన్నారు. నేను మాస్టారికి ఫోను చేశాను. ఆయన, "ఊఁ. ఇక పాఠం బాగా చెప్పు" అన్నాడు, అంతే.

గురువారం ఆరుంబావుకు ఫోను మోగలేదు.

ఆరున్నర అయింది. ఏడు అయింది. నేను చీర మార్చి ప్యాంటు వేసుకుని, కోటు కూడా తొడుక్కుని, ఫోను చేతిలో పట్టుకుని సోఫాలో కూర్చున్నాను. ఏడున్నరకు నేనే బడికి నడిచి వెళ్లాను. ప్రిన్సిపాల్ నన్ను చూసి రెండు చేతులూ జుట్టులోకి దోపుకుంది.

"నీకు సర్టిఫికెట్ వచ్చింది కదా. సిస్టమ్ నిన్ను రాత్రికి రాత్రే సర్టిఫికెట్ లేని వాళ్ల లిస్టులోంచి తీసేసింది."

"మరి ఉన్నవాళ్ల లిస్టులో?"

"అందులో చేర్చాలంటే కొత్త అప్లికేషను, కొత్త పోలీసు చెక్, ఒక ఇంటర్వ్యూ. ఆరు వారాలు."

"అప్పటిదాకా నా పిల్లలు?"

"సిస్టమ్ లిస్టులో ఉన్న మనిషిని పంపింది. సర్టిఫికెట్ లేని మనిషిని."

ఆమె కంప్యూటర్లో అటూ ఇటూ వెతికి, మెల్లగా తలెత్తింది. "ఒక్క లిస్టులో నీ పేరు ఇంకా ఉంది."

అది లంచ్ మానిటర్ లిస్టు. అలా, ఆ ప్రావిన్సులో టీచరుగా అర్హత పొందిన మొదటి రోజున నేను తడి గుడ్డ పట్టుకుని లంచ్ గదిలోకి వెళ్లాను. ఏడో తరగతి పిల్లలు నన్ను చూసి, ఏం తప్పు చేశావని అడిగారు. పాసయ్యానని చెప్తే నమ్మలేదు.

నా స్థానంలో వచ్చినాయన నేవీలో ముప్పై ఏళ్లు ఓడల మీద వంటవాడిగా పనిచేసి రిటైరైన మనిషి. తెల్లటి గడ్డం, చేతిలో ఎప్పుడూ అట్టకు క్లిప్పు చేసిన కాగితాలు. ఇంట్లో తోచక పర్మిట్ తీసుకున్నాడట. మొదటి రోజు మధ్యాహ్నమే లంచ్ గదికి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"సైన్సు చెప్పేది మీరేనా ఇంతకు ముందు?"

"అవును."

"సాంద్రత అంటున్నారు పిల్లలు. అది నాకు ఉప్పునీళ్లలో గుడ్డు తేల్చడం దాకా తెలుసు. ఆ తర్వాత ఏంటి?"

నేను బల్ల తుడవడం ఆపి, పాల డబ్బా మూత మీద బొమ్మ గీసి చెప్పాను. మర్నాడు భిన్నాలకు వచ్చాడు. ఆ మర్నాడు వస్తూ వస్తూ ఇద్దరికీ కాఫీ తెచ్చాడు. ఆరు వారాలు రోజూ లంచ్‌లో అరగంట నేను ఆయనకు పాఠం చెప్పాను, ఆయన మిగతా రోజంతా పిల్లలకు చెప్పాడు. నాకు చెప్పడానికి సర్టిఫికెట్ ఉంది, గది లేదు. ఆయనకు గది ఉంది. ఇద్దరం కలిస్తే ఒక టీచరు అయ్యాం. మంచి మనిషి. భిన్నాలు వంటల కొలతలతో చెప్పాడు. రెండు వందల మందికి చేసే సూపును పదకొండు మందికి తగ్గించమని లెక్క ఇచ్చాడట. పదహారేళ్లలో నాకు ఒక్కసారి కూడా తోచని లెక్క అది. నా నోటుబుక్కులో రాసుకున్నాను.

ఏప్రిల్‌లో నా పేరు సరైన లిస్టులోకి ఎక్కింది. ఒక సోమవారం ఆరుంబావుకు ఫోను మోగింది. ఇప్పుడు సర్టిఫికెట్ ఉంది కాబట్టి ఒకే తరగతికి జూన్ దాకా ఇచ్చారు. రిపోర్టు కార్డుల మీద ముప్పై మూడు సంతకాలు నేనే పెట్టాను. నేవీ ఆయన్ని ఐదో తరగతికి పిలిచారు.

వేసవిలో రెండో మెట్టుకు కోర్సు ఒకటి తీసుకున్నాను. కొత్తగా వచ్చిన విద్యార్థులను తరగతిలో ఎలా ఆదరించాలి అనేది పాఠం. గదిలో ఉన్న ఇరవై మందిలో సగం మందిమి కొత్తగా వచ్చినవాళ్లమే. పాఠం చెప్పే ఆవిడ మమ్మల్ని, కొత్తవాళ్లను చూస్తే మీకేమనిపిస్తుందో ఒక పేజీ రాయమంది. నా పక్కన కూర్చున్న, మనిలా నుంచి వచ్చిన టీచరు, ఆవిడకు ఇరవై రెండేళ్ల అనుభవం, "నన్ను చూస్తే నాకేమనిపిస్తుందో రాయాలా?" అని గుసగుసగా అడిగింది. రాశాం. ఇద్దరికీ 'ఏ' గ్రేడే వచ్చింది.

ఆ కోర్సుకు నేను ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డుకు వెళ్లేదాన్ని. ఒక సాయంత్రం తిరిగి వస్తుంటే పై డెక్ మీద నేవీ ఆయన కనిపించాడు. గాలికి టోపీ పట్టుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నేనూ సర్టిఫికెట్ తెచ్చుకుందామనుకుంటున్నాను" అన్నాడు. "ఏమేం కావాలి?"

"మీకు డిగ్రీ ఉందా?"

"ఓడ మీద వంట సర్టిఫికెట్లు ఉన్నాయి. అన్ని స్థాయిలవీ. చివరిదాకా ఎక్కాను."

"వయసు అడగొచ్చా?"

"అరవై మూడు."

నేను బ్యాగులోంచి కాగితం తీసి ఒళ్లో పెట్టుకుని వరసగా రాయడం మొదలుపెట్టాను. డిగ్రీ నాలుగేళ్లు. బీఈడీ రెండేళ్లు. ప్రాక్టీసు టీచింగు. పోలీసు చెక్. మా ఒడ్డు దగ్గరికి వచ్చేసింది, ఓడ ఇంజను చప్పుడు మారింది, నేనింకా మొదటి మెట్టు కాగితాల్లోనే ఉన్నాను. ఆయన నా భుజం మీదుగా చదువుతున్నాడు. పనిచేసిన చోటు నుంచి మీ మీద ఏ చర్యా లేదని ఒక లేఖ అని రాశాక పెన్ను ఆపి ఆయన వైపు చూశాను.

"నేవీలో మీ మీద ఎప్పుడైనా ఏమైనా రాశారా?"

ఆయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఒకసారి," అన్నాడు, "ఒక గరిటె గురించి."

తాళ్లు వేశారు, గేటు తెరిచారు. జనం దిగడం మొదలుపెట్టారు. మేమిద్దరం కూర్చునే ఉన్నాం. నేను కాగితం రెండో వైపు తిప్పాను.

"చెప్పండి," అన్నాను. "మొదటి నుంచి చెప్పండి."